బంతికి సరిపడా అన్నం

బుజ్జీ, చిన్నీ,

మీ ఉత్తరం చేరింది. "తాతయ్యా, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు ఎక్కువ రాదా, ఉన్న 450ది చాలదా?" అని అడిగారు. ఎస్ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా.

బిల్లు పెరగదర్రా. పెళ్లి బంతిలో గంప నిండా అన్నం తెచ్చారు కదా అని ఎవరూ గంపెడు తినరు, ఆకలి మేరకే వడ్డించుకుంటారు. మీ కంప్యూటర్‌కి 300 వాట్లు కావాలంటే ఆ 300, మధ్యలో వేడిగా పోయే కాస్త కలిపి, గోడ ప్లగ్గు నుంచి లాగుతుంది, అంతే. డబ్బా మీది అంకె వంటవాడు ఎంతమందికి వండగలడో చెబుతుంది.

మరి 450 ఎందుకు చాలదంటారా? మీరు పంపిన పాత డబ్బా ఫోటో పెద్దది చేసి చూశాను. పైన పెద్దగా 450 అని ఉంది, కింద పట్టికలో 12 వోల్టుల గడిలో మాత్రం 16 ఆంపియర్లే. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా తినేది ఆ 12 వోల్టులే, అదే అన్నం. 5, 3.3 వోల్టులు పచ్చడీ చారూ లాంటివి. చారుతో అంకె పెంచి అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు. మీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తింటుంది, ప్రాసెసర్‌కి ఇంకో 65 కావాలి, ఇక మిగిలినవాళ్లకి ఏం పెడతారు?

నాకు పన్నెండేళ్లప్పుడు మేనత్త పెళ్లిలో అన్నం గంప నా చేతికిచ్చారు. మూడో బంతి సగంలో గంప అడుగు గరిటెకి తగిలింది. విస్తళ్లలో పప్పు వేసేశారు, పెదనాన్న నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, అందరూ చెయ్యి ఆపి నా వైపే చూస్తున్నారు. కొత్త కార్డు పెట్టాక ఆట మధ్యలో తెర నల్లబడి కంప్యూటర్ మళ్లీ మొదలవుతోందన్నారే, అది ఆ నిమిషమేనని నా నమ్మకం. కార్డు ఒక్కోసారి రెప్పపాటు కాలం చాలా ఎక్కువ అడుగుతుంది, అందుకే కంపెనీ 550 పెట్టమంటుంది. రంగు లైట్లు మానుకోండి గానీ దీని దగ్గర పిసినారితనం వద్దు.

సెకనుకు 50 సార్లు ఇటూ అటూ ఊగే మన 230 వోల్టుల కరెంటుని ఆ చిన్న డబ్బా వేల సార్లు తుంచి, కదలని 12 వోల్టులు చేసి ఇస్తుంది. ఎలాగో ఎంత చదివినా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చూడాలనిపించినా మూత మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా లోపల షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

ఆదివారం నాన్నతో షాపుకి వెళ్లినప్పుడు డబ్బా తిప్పి పట్టిక చూడండి. 12 వోల్టుల గడిలో 45 దగ్గర ఉందా, కరెంటు వేడిగా వృథా పోవడం తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉందా? కొనేముందు ఆ అంకె నాకు ఫోన్లో చెప్పండి.

మీ తాతయ్య