పోలరాయిడ్ ఫొటోని ఊపకండి: పాత ఇన్‌స్టంట్ కెమెరాలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా స్టూడియోలో ఒకప్పుడు నాలుగు లెన్సుల పోలరాయిడ్‌తో పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేవాళ్లం. ఆ కెమెరా ఇంకా నా దగ్గరుంది, దాంతోపాటు ఎస్ఎక్స్-70 అనే ఇంకో పోలరాయిడ్ కెమెరా కూడా. వీటిని చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పే మాటల్లో సగం తప్పులే, వాటిని నమ్మి ఖరీదైన ఫిల్మ్ పాడుచేసుకుంటున్నారు.

అపోహ: ఫొటో రాగానే ఊపాలి.

పాత ఫిల్మ్‌లో పై కాగితం ఒలిచాక ఫొటో తడిగా ఉండేది, ఆరడానికి ఊపేవాళ్లం, ఆ అలవాటే ఇప్పటిదాకా వచ్చింది. 1972లో వచ్చిన ఎస్ఎక్స్-70 నుంచి తెల్ల అంచు ఫొటోల్లో రసాయనం లోపలే సీలై ఉంటుంది. ఊపితే లోపలి పొరలు విడిపోయి మచ్చలు పడొచ్చు. బయటకు రాగానే వెలుతురు తగలకుండా బోర్లా పెట్టి, కలర్ అయితే పది పదిహేను నిమిషాలు వదిలేయండి.

అపోహ: ఫిల్మ్‌ని ఫ్రిజ్‌లో పెడితే ఎన్నేళ్లైనా ఉంటుంది.

ఇది నమ్మే నేను దెబ్బతిన్నాను. ఒలిచే రకం ఫిల్మ్ ఎఫ్‌పీ-100సీని ఆపేస్తున్నట్టు ఫ్యూజీ 2016లో చెప్పింది, అంటే ఇప్పుడు ఎక్కడ దొరికినా అది పాత సరుకే. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర, ఫ్రిజ్‌లోనే ఉంచానని ఒట్టేసి చెబితే, ఒక పెట్టె కొన్నాను. ఒక అవ్వకి ఫొటో తీసి, ఫిల్మ్‌ని బయటకు తీసే కాగితం ట్యాబ్ నిదానంగా, తిన్నగా లాగి, టైమ్ చూసుకుని ఒలిచాను. ముఖం బాగానే వచ్చింది, కుడి పక్క మూల మాత్రం మట్టిరంగులో ఖాళీ. పిండి గట్టిపడితే దోసె అంచుదాకా సాగదు చూడండి, అచ్చం అలాగే ఫిల్మ్‌లో ఉండే చిన్న సంచిలోని రసాయనం ఎండిపోయి రోలర్ల కింద మూలదాకా పరుచుకోలేదు. చల్లదనం పాడవడాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే. ఫ్రీజర్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

వాడే ముందు ప్యాక్‌ని ఫ్రిజ్ నుంచి తీసి, కవర్ విప్పకుండా ఓ గంట బయట ఉంచాలి. ఇప్పటి పోలరాయిడ్ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య అనుకూలం. మన మే నెల ఎండ సంగతి తెలిసిందే కదా, చంద్రగిరి కోట దగ్గర కొత్త జంటకి తీసినవన్నీ పసుపూ ఎరుపూ కలిసిన రంగులో వచ్చాయి, స్కూటర్ డిక్కీలో ప్యాక్ పెట్టినందుకు. అప్పట్నుంచి ఐస్‌బాక్స్ లేకుండా బయల్దేరను.

అపోహ: ఫిల్మ్ అసలు దొరకదు, కెమెరా పాత ఇనుముకే.

2008లో పోలరాయిడ్ ఆపేస్తానంది నిజమే. కానీ నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీ యంత్రాలను కొందరు కొని, 2010లో మళ్లీ ఫిల్మ్ తెచ్చారు. ఎస్ఎక్స్-70కీ, 600 కెమెరాలకీ ఫిల్మ్ తయారవుతూనే ఉంది, ప్యాక్‌కి పది బదులు ఎనిమిది ఫొటోలు, రేటెక్కువ. పెద్ద ఫ్యాక్టరీల్లో తయారీ ఆగిపోయింది మాత్రం ఆ ఒలిచే ప్యాక్ ఫిల్మే, నా బాధ దానికోసమే.

ఇంకో మాట, చాలా కెమెరాలు చావలేదు. ఎస్ఎక్స్-70కీ, 600 కెమెరాలకీ బ్యాటరీ ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉంటుంది, ఖాళీ కెమెరా నొక్కితే ఎలా పలుకుతుంది? కొత్త ప్యాక్ పెట్టి చూడండి. ఐ-టైప్ అని రాసున్నది కొనకండి, అందులో బ్యాటరీ ఉండదు. ఫ్యూజీ వాళ్ల ఇన్‌స్టాక్స్ ఫిల్మ్ వీటిలో పట్టదు.

నా దగ్గర ఎఫ్‌పీ-100సీ ఇంకా రెండు పెట్టెలున్నాయి. ఈ డిసెంబర్‌లో కపిలతీర్థం బయట, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండూ తీసేస్తాను. ఒలిచేటప్పుడు చూడాలనుకున్నవాళ్లు ఏడు గంటలకల్లా వచ్చేయండి.