సొరుగు లాగి అడుగు చూడండి

వందేళ్ళ నాటి గుండ్రటి చెక్క బల్ల ఎక్కడైనా కనబడితే టేపు పెట్టి రెండు వైపులా కొలిచి చూడండి. చెక్క రేఖల వెంట ఒకసారి, వాటికి అడ్డంగా ఇంకోసారి. అది నిజంగా అంత పాతదైతే, అచ్చమైన చెక్కదైతే, రెండు కొలతలూ సాధారణంగా ఒకటిగా ఉండవు. అడ్డం కొలత కాస్త తక్కువ వస్తుంది. చేసిన రోజున గుండ్రంగా ఉన్న బల్ల ఏళ్ళు గడిచేసరికి కొద్దిగా కోలగా మారింది. కంటికి తెలియకపోయినా టేపుకు తెలుస్తుంది.

ఫర్నిచర్ కొనేటప్పుడు యాంటిక్ (బాగా పాతది) మంచిదా, వింటేజ్ (అంత పాతది కానిది) మంచిదా, కొత్తది మంచిదా అని తర్జనభర్జన పడతాం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఆ బల్ల అడుగుతోంది. చెట్టు కొట్టేశాక కూడా చెక్క కదులుతూనే ఉంటుంది. ఆ కదలికకు చోటిచ్చి చేశారా? పాడైతే విప్పి బాగుచేసుకునే వీలుందా? వస్తువు ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పేది ఇవే. వయసు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

చెక్కంటే సన్నటి గొట్టాల కట్ట. ఆ గొట్టాల గోడలు గాలిలోని తేమను పీల్చుకుని లావెక్కుతాయి, ఆరితే సన్నబడతాయి. పొడుగు మాత్రం దాదాపు మారదు. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి పొడుగులో తగ్గేది 0.1 శాతం దగ్గర. అడ్డంగా అయితే, కోసిన దిశను బట్టి, చాలా కలపల్లో 4 నుంచి 8 శాతం దాకా తగ్గుతుంది. ఆరిన తర్వాత కూడా ఇది ఆగదు. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో నీరు సుమారు 6 శాతం ఉంటే, గాలి తేమ 80 శాతానికి చేరితే అది 16 శాతం దాకా పెరుగుతుంది. మీటరు వెడల్పున్న పలకలో నీటి శాతం 6 నుంచి 10కి పెరిగినా చాలు, వెడల్పు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా మారిపోతుంది. పాలిష్ ఈ మార్పును నెమ్మదింపజేస్తుందే గానీ ఆపలేదు.

పాతకాలపు వడ్రంగులకు ఈ లెక్కలు తెలియకపోయినా చెక్క స్వభావం బాగా తెలుసు. పాత బీరువా తలుపు చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలక. ఆ పలకకు జిగురు పెట్టరు, మేకు కొట్టరు. చట్రంలోని గాడిలో వదులుగా కూర్చుంటుంది, ఉబ్బినా కుంచించుకున్నా గాడిలోనే జరుగుతుంది. చెక్కను బలవంతంగా కట్టిపడేస్తే ఎక్కడో ఒకచోట చీలుతుందని తెలిసిన చెయ్యి చేసిన పని అది. ఇంత తెలివిని ఇంత నిశ్శబ్దంగా దాచుకున్న వస్తువులు మన ఇళ్ళల్లో తక్కువే.

అమెరికా కస్టమ్స్ లెక్కలో 100 ఏళ్ళు దాటితే యాంటిక్. వింటేజ్‌కు అలాంటి గీత లేదు, 20 ఏళ్ళ కుర్చీకీ ఆ మాట వాడేస్తారు. కాబట్టి అమ్మేవాళ్ళ మాట వినండి, కానీ సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడండి. పైభాగానికి ఎవరైనా పాలిష్ పెడతారు, అడుగున అబద్ధం చెప్పడం కష్టం. మూలల్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు) పళ్ళు చూడండి. చేత్తో కోసినవైతే కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటాయి, యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. పలక మీద రంపం గీతలు వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపంతో కోసినట్టే. ఆ రంపం 19వ శతాబ్దంలోనే విరివిగా వాడుకలోకి వచ్చింది. స్క్రూ విప్పి చూసే అవకాశం ఉంటే మరీ మంచిది. మొన సూదిగా ఉన్న యంత్రపు స్క్రూలు 1840ల తర్వాతివి, అంతకుముందు మొన మొండిగా ఉండేది. 1780 నాటిదని చెప్పే పెట్టెలో సూది మొన స్క్రూ కనిపిస్తే, పెట్టె తర్వాతి కాలంలో చేసింది కావచ్చు, లేదా మధ్యలో ఎవరో బాగుచేసి ఉండవచ్చు. బాగుచేయడం మోసం కాదు. చెప్పకుండా అమ్మడమే మోసం.

పాత ఫర్నిచర్‌లో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది దాని జిగురు. జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన ఆ జిగురు వేడికీ తేమకూ మళ్ళీ మెత్తబడుతుంది. లోపంలా కనిపించే ఈ గుణమే కుర్చీకి మరో జన్మ ఇస్తుంది. వదులైన కాలిని చెక్క చీలకుండా ఊడదీసి, కొత్త జిగురు పూసి మళ్ళీ బిగించవచ్చు. లక్కతో వేసిన పాలిష్ కూడా అంతే. ఆల్కహాల్‌లో కరుగుతుంది కనుక మొత్తం గీకేయకుండా పాడైన చోటే సరిచేసుకోవచ్చు. కొత్తగా మెరవాలని పాత పాలిష్ మొత్తం గీకించకండి, పోయాక అది తిరిగి రాదు.

పాతదానితో వచ్చే ప్రమాదాలూ ఉన్నాయి. చెక్క తొలిచే పురుగుల పిల్లలు ఏళ్ళ తరబడి లోపలే తింటూ పెరిగి, ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసుకుని బయటికి వస్తాయి. వాటిలో కొన్ని జాతులు గంజి ఎక్కువగా ఉండే బయటి చెక్కనే తింటాయి, చేవ జోలికి పోవు. రంధ్రాలు ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండవచ్చు. కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు ఉంచండి. తాజా పొడి రాలితే లోపల ఇంకా ప్రాణం ఉన్నట్టు. అలాంటిదాన్ని మిగతా సామానుకు దూరంగా పెట్టి మందు వేయించండి.

అసలు టెన్షన్ పడాల్సింది రంగు గురించి. పాత పెయింట్లలో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్ళకూ ఫర్నిచర్‌కూ వాడే పెయింట్లలో దాన్ని నిషేధించింది 1978లో. రంగు వేసిన పాత వస్తువును పరీక్ష చేయించకుండా ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకండి. ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. చంటిపిల్లల పాత మంచాలు ఎంత ముద్దుగా ఉన్నా వద్దనే అంటాను. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటితే పసిపిల్ల ఒళ్ళు జారి తల ఇరుక్కోవచ్చు.

1950ల తర్వాతి వింటేజ్ సోఫాల్లో చెక్క గట్టిగానే ఉన్నా, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతూ ఉండవచ్చు. దాన్ని మార్చే ఖర్చు కూడా కలుపుకుని బేరం చూసుకోండి.

ఇక కొత్తవి. ఫ్యాక్టరీలో చేసిందంటే నాసిరకం అనుకోవడం అన్యాయం. ఫర్నిచర్ తయారీదారు మైకేల్ టోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఆవిరితో వంచిన చెక్కతో చేసింది. 6 చెక్క ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు, అంతే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. విప్పవచ్చు, బిగించవచ్చు, ముక్క మార్చవచ్చు. కోట్లలో అమ్ముడైంది.

ఇబ్బంది చౌక పార్టికల్ బోర్డుతో. చెక్క పొట్టును జిగురుతో కలిపి వేడిలో నొక్కి చేస్తారు. నీళ్ళు తగిలితే నొక్కిన పొట్టు విచ్చుకుంటుంది, ఆరినా పాత మందానికి రాదు. ఒకసారి విప్పిన స్క్రూ మళ్ళీ అదే రంధ్రంలో గట్టిగా పట్టదు. ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ కూడా వెలువడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. వేడి, తేమ పెరిగితే ఎక్కువగా వస్తుంది, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అమెరికా పరిమితి పార్టికల్ బోర్డుకు 0.09 పీపీఎం (అంటే గాలిలో పది లక్షల భాగాలకు 0.09 భాగం), చెక్క నారను నొక్కి చేసే ఎండీఎఫ్ పలకకు 0.11 పీపీఎం. లేబుల్ అడిగి చూడండి, కొత్తది తెచ్చాక కిటికీలు తెరిచి ఉంచండి.

పుస్తకాల అర కొంటే ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. పలక మందం రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి 8 రెట్లు అవుతుంది. ఆధారాల మధ్య దూరం రెండింతలు చేసి, దాని పొడవునా పుస్తకాలు నింపితే వంపు 16 రెట్లు అవుతుంది. అందుకే పొడవాటి పలక కన్నా మధ్యలో ఒక నిలువు ఆధారం ఉన్నది మేలు. పార్టికల్ బోర్డు అయితే బరువు కింద రోజురోజుకూ ఇంకొంచెం కుంగుతూనే ఉంటుంది.

ఏది ఎంచుకున్నా, ఇంట్లో చిన్నపిల్లలుంటే సొరుగుల బీరువాను గోడకు బిగించాలి. ఎక్కడానికి మెట్ల లాగా పిల్లలు సొరుగులన్నీ ఒకేసారి లాగితే బరువంతా ముందుకు జరిగి బీరువా మీద పడుతుంది. ఇలాంటి మరణాల తర్వాతే అమెరికా 2023లో కొత్త బీరువాలకు తప్పనిసరి ప్రమాణం తెచ్చింది. పాత బీరువాలకు ఆ రక్షణ లేదు. యాంటిక్ వెనక పలకకు రంధ్రం పడుతుందని వెనకాడకండి. లోహపు పట్టీ బిగించి, పై అంచు పట్టుకుని లాగి చూసి, ఆ తర్వాతే బట్టలు సర్దండి.