గ్లూకోజ్ ఒకటే, అల్లిక వేరు

స్టార్చ్, గ్లైకోజెన్, సెల్యులోజ్: ఈ మూడింటిలో దేన్ని పూర్తిగా విడగొట్టినా చివరికి దొరికేది గ్లూకోజే. అయినా మొదటిది మొక్క దాచుకునే ఆహారం, రెండోది జంతువుల కాలేయంలో, కండరాల్లో ఉండే నిల్వ, మూడోది కాండాన్ని నిలబెట్టే నార.

తేడా బంధంలో మొదలవుతుంది. మామూలుగా గీసే గ్లూకోజ్ వలయంలో 1వ కార్బన్ మీది హైడ్రాక్సిల్ (OH సమూహం) కిందికి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా. అది పక్క అణువులోని 4వ కార్బన్‌తో కలిసినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆల్ఫా బంధాలతో సాగే అమైలోజ్ (స్టార్చ్‌లో కొమ్మలు లేని భాగం) గొలుసు చుట్టుకు సుమారు 6 గ్లూకోజ్‌ల చొప్పున మెలి తిరుగుతుంది. బీటా బంధాలతో సాగే సెల్యులోజ్‌లో ప్రతి గ్లూకోజూ పక్కదానికి 180 డిగ్రీలు తిరగబడి ఉంటుంది కాబట్టి గొలుసు తిన్నగా ఉంటుంది. అలాంటి గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటాయి; ఇక నీటికి లొంగవు. మన జీర్ణరసాల్లోని అమైలేజ్ అనే ఎంజైమ్ తెంచేది ఆల్ఫా బంధాన్నే. పశువులు గడ్డిని అరిగించుకుంటున్నాయంటే ఆ ఘనత వాటి కడుపులోని సూక్ష్మజీవులది. సెల్యులోజ్‌లో 2వ కార్బన్ మీది హైడ్రాక్సిల్ స్థానంలో ఎసిటైల్ అమైనో సమూహం చేరితే అది కైటిన్: పీతలకూ కీటకాలకూ పైపెంకు.

నిల్వ పదార్థాల్లో మాత్రం కొమ్మల లెక్కే అసలు సంగతి. స్టార్చ్‌లో ఎక్కువ భాగమైన అమైలోపెక్టిన్‌లో సుమారు 24–30 గ్లూకోజ్‌లకు ఒక కొమ్మ వస్తుంది, గ్లైకోజెన్‌లో 8–12కే. ఎంజైమ్‌లు గ్లూకోజ్‌ను కొసల నుంచే తీస్తాయి. కొసలు ఎన్ని ఎక్కువుంటే అన్నిచోట్ల ఒకేసారి పని జరుగుతుంది. పరుగెత్తే కండరానికి కావలసింది ఆ వేగమే. కొమ్మలు వేసే ఎంజైమ్ లోపిస్తే (ఆండర్సన్ వ్యాధి) సరిగా కరగని పొడవాటి గొలుసులు పేరుకుని పసితనంలోనే కాలేయం దెబ్బతింటుంది. పోనీ, గ్లూకోజ్‌ను విడిగానే దాచుకోవచ్చు కదా? కాలేయ కణంలోని నిల్వంతా విడిపోతే గాఢత లీటరుకు 0.4 మోల్ దాకా చేరుతుంది. రక్తంలో ఉండేది 0.005 మోల్. ఆ తేడాకు నీరు లోపలికి చొరబడి కణం పగిలిపోతుంది.

ఈ అల్లికను అయోడిన్‌తో పట్టుకోవచ్చు. 1 గ్రాము స్టార్చ్‌ను కొంచెం చన్నీళ్లలో కలిపి, 100 మి.లీ. మరుగుతున్న నీటిలో పోసి కలియబెట్టండి. పూర్తిగా చల్లారాక పొటాషియం అయొడైడ్‌లో కరిగించిన అయోడిన్ ఒక చుక్క వేయండి. అయోడిన్ మెలికల లోపల ఇరుక్కుని ముదురు నీలం వస్తుంది. గ్లైకోజెన్ మెలికలు పొట్టివి, అందుకే ఎరుపు కలిసిన గోధుమరంగే. సెల్యులోజ్‌లో మెలికే లేదు, నీలమూ రాదు. స్టార్చ్ వేసినా రంగు రాలేదంటే ముందు వేడి చూడండి: వేడికి మెలిక సడలి అయోడిన్ జారిపోతుంది, చల్లారితే నీలం తిరిగొస్తుంది. చల్లారినా రాకపోతే ద్రావణంలో క్షారమో, విటమిన్ సి లాంటిదో ఉండి అయోడిన్‌ను ముందే ఖర్చు చేసి ఉంటుంది.