మలుపులో ఒరిగే రైలు

"లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే రైలు మలుపుల్లో ఒక పక్కకి ఒరుగుతుందట. పడిపోకుండా ఉండటానికేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

కాదండీ. అదే వేగంలో పట్టాల మీద పడే పక్కబలం రైలు ఒరిగినా, ఒరగకపోయినా దాదాపు అంతే. ఒరగడం లోపల కూర్చున్నవాళ్ల సుఖం కోసం. ఆ రైలు పేరు పెండొలినో, బ్రిటన్ రైల్వే లెక్కలో క్లాస్ 390. 2002లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టింది. విడిగా ఇంజను లేదు, మోటార్లన్నీ పెట్టెల కిందే ఉంటాయి.

బల్ల మీద టీ గ్లాసు ఉందనుకోండి. రైలు మలుపు తిరిగితే టీ బయటి అంచు వైపు ఎగబాకుతుంది. బయటి వైపు కాస్త పైకి లేచేలా గ్లాసును వంచండి, టీ మళ్లీ అడుగుకి సమంగా నిలుస్తుంది. టీ మీద బలం తగ్గలేదు, అది అడుగు వైపుకి తిరిగిందంతే. మనకూ అంతే: పక్కకి తోసే బలం సీటులోకి నొక్కే బలమవుతుంది.

ఇక లెక్క. మలుపులో బయటి పట్టాను 150 మి.మీ. ఎత్తుగా వేశారనుకుందాం. దీన్నే సూపర్ ఎలివేషన్ అంటారు. రెండు పట్టాల మధ్య దూరం సుమారు 1500 మి.మీ. కాబట్టి గురుత్వాకర్షణలో పదో వంతు పక్కబలం ఇక్కడే తీరిపోతుంది. ఈ ఎత్తు తీర్చలేక మిగిలిపోయే పక్కబలాన్ని లోటు అంటారు, దాన్నీ మి.మీ.ల ఎత్తులోనే కొలుస్తారు. మామూలు రైలుకి మరో 150 మి.మీ.కు సరిపడా లోటును, ఒరిగే రైలుకి 300 మి.మీ. లోటును అనుమతిస్తారు. మలుపు వ్యాసార్థం 1000 మీటర్లయితే మొదటిది గంటకు 159 కి.మీ., రెండోది 195 కి.మీ. వేగంతో వెళ్లొచ్చు. లోటు రెండింతలైనా వేగం పెరిగింది 22 శాతమే, ఎందుకంటే పట్టా ఎత్తుతో కలిపితే మొత్తం 300 నుంచి 450 మి.మీ.కు, అంటే ఒకటిన్నర రెట్లే అయింది, పైగా బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. క్లాసులో తాడుకి కట్టి గిరగిరా తిప్పే రాయి ఉదాహరణ దగ్గరే ఆగిపోకుండా ఈ లెక్క కూడా చేయిస్తే పిల్లలకి ఎంత బాగా పడుతుందో!

ఆ 300 మి.మీ. లోటును పూర్తిగా తీర్చాలంటే పెట్టె సుమారు 11 డిగ్రీలు ఒరగాలి. పెండొలినో 8 డిగ్రీలు దాటదు. పక్కకి తోసే బలం కొంత మిగలడమే మంచిది. 1981 డిసెంబరులో అప్పటి బ్రిటన్ ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ తన ఏపీటీ (అడ్వాన్స్‌డ్ ప్యాసింజర్ ట్రెయిన్) అనే ఒరిగే రైలును నడిపినప్పుడు ఎక్కినవాళ్లలో కొందరికి కడుపులో తిప్పింది. ఆ పక్కబలం పూర్తిగా తీరేలా పెట్టె ఒరగడంతో ఒంటికి మలుపు తెలియలేదు, కిటికీలో మాత్రం నేల వంగి కనిపించింది. కన్ను ఒకటి, ఒంటి కదలికను పసిగట్టే లోపలి చెవి ఒకటి చెబితే మెదడు తికమకపడుతుంది. ఒరుగు తగ్గిస్తే ఆ బాధ చాలావరకు పోతుంది.

పెట్టె ఎంత ఒరిగినా పైకప్పు మీద ఉండి తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ మాత్రం ఒరగకూడదు, ఒరిగితే 25 కిలోవోల్టుల తీగ తప్పిపోతుంది. అందుకే దాన్ని ఎదురు దిశలో సరిచేసే ఏర్పాటు ఉంది. ఎక్కడ ఒరగొచ్చో పట్టాల మధ్య అమర్చిన పరికరాలు రైలుకి చెబుతాయి. ఆ అనుమతి అందకపోతే పెట్టె నిటారుగానే ఉంటుంది, డ్రైవరు మామూలు రైలు వేగానికి తగ్గాల్సిందే.