బోల్తాపడ్డ లైఫ్‌బోట్ తిరిగి లేవడం వెనుక రెండు శతాబ్దాల వాదం

1789లో ఇంగ్లండ్‌లోని టైన్ నదీముఖం వద్ద, సౌత్ షీల్డ్స్ తీరంలో, అడ్వెంచర్ అనే ఓడ ఇసుకతిన్నె మీద చిక్కుకుంది. ఒడ్డున నిలబడ్డ జనం చూస్తుండగానే నావికులు మునిగిపోయారు. దాంతో స్థానిక పెద్దలు మంచి రక్షక పడవ (లైఫ్‌బోట్) నమూనాకు రెండు గినీల (గినీ అంటే అప్పటి ఇంగ్లిష్ బంగారు నాణెం) బహుమతి ప్రకటించారు. రంగుల పని చేసుకునే విలియం వుడ్‌హేవ్ తెచ్చిన నమూనాకు, తిరగేస్తే మళ్లీ తనంతట తానే లేచే గుణం ఉంది. నూతి దగ్గర ఒకామె నీటిపాత్రలో తేలుతున్న విరిగిన చెక్కగిన్నె ముక్క, ఎన్నిసార్లు బోర్లించినా కొనలు పైకెత్తుకుని లేవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. నిర్వాహకులు ఆయనకు సగం బహుమతే, అంటే ఒక్క గినీ ఇవ్వజూపారు. చివరికి హెన్రీ గ్రేట్‌హెడ్ నిర్మించిన ‘ఒరిజినల్’ అనే పడవకు ఆ గుణమే లేదు.

ఆ లోపానికి మూల్యం అదే ఊరు చెల్లించింది. 1849 డిసెంబరులో సౌత్ షీల్డ్స్ లైఫ్‌బోట్ బోల్తాపడి, అందులోని 24 మందిలో 20 మంది చనిపోయారు. అప్పుడు నార్తంబర్లాండ్ డ్యూక్ నూరు గినీల బహుమతి ప్రకటించగా 280 నమూనాలు వచ్చాయి. గెలిచిన జేమ్స్ బీచింగ్ నమూనాను జేమ్స్ పీక్ సవరించి ప్రామాణిక పడవగా మలిచాడు.

దీని కిటుకు తంజావూరు బొమ్మను గుర్తుకుతెస్తుంది గాని, అడుగున బరువు ఒక్కటే ఇక్కడ చాలదు. పడవ రెండు కొనల్లో ఎత్తుగా గాలిపెట్టెలుంటాయి. తలకిందులైనప్పుడు అవి నీటిలో మునగకుండా పడవను పైకి తోస్తాయి. అదే సమయంలో అడుగున ఉండాల్సిన ఇనుపదూలం పైకి చేరి గరిమనాభిని ఎత్తుకు తీసుకుపోతుంది. ఆ స్థితిలో పడవ నిలకడగా ఉండలేదు, ఏ చిన్న అల తగిలినా పక్కకు ఒరిగి లేస్తుంది.

అయితే ఇలా లేవాలంటే పడవ సన్నగా ఉండాలి, సన్నటి పడవ బోల్తాపడటమూ సులువే. పడ్డాక లేచే పడవ మేలా, అసలు పడని వెడల్పాటి పడవ మేలా అన్న వాదాన్ని లైఫ్‌బోట్లు నడిపే జాలరులు ఊరికే లేవదీయలేదు. 1886 డిసెంబరులో మెక్సికో అనే ఓడను రక్షించబోయిన సౌత్‌పోర్ట్, సెయింట్ ఆన్స్ లైఫ్‌బోట్లు రెండూ వాటంతట అవే లేచే రకానివే. అయినా రెండూ బోల్తాపడగా 27 మంది సిబ్బంది మరణించారు. మరుసటి ఏడాది బ్రిటన్ లైఫ్‌బోట్ల సంస్థకు (ఆర్‌ఎన్‌ఎల్‌ఐ) పడవల రూపకల్పన సలహాదారుగా వచ్చిన జి. ఎల్. వాట్సన్ సహజంగానే వెడల్పాటి పడవల వైపు మొగ్గాడు.

ఈ చిక్కుముడిని విప్పింది 1958 నాటి ఓక్లీ రకం లైఫ్‌బోట్. నీటిలోకి దిగగానే అది అడుగుభాగంలో సుమారు ఒకటిన్నర టన్నుల నీటిని నింపుకుంటుంది. తలకిందులైతే ఆ నీరంతా ఒక పక్కనున్న తొట్టిలోకి పారుతుంది, ఆ ఒంటిపక్క బరువుకు పడవ గిర్రున తిరిగి సుమారు ఆరు సెకన్లలో లేస్తుంది. ఆ తర్వాతి తరం పడవల్లో నీరు చొరబడని క్యాబినే, వుడ్‌హేవ్ ఎత్తిన కొనలు చేసిన పని చేస్తుంది, కాకపోతే తలుపు మూసి ఉండాలి.

మార్పు మాత్రం వెంటనే రాలేదు. 1969 మార్చిలో స్కాట్లాండ్‌కు చెందిన ఆర్క్నీ దీవుల్లోని లాంగ్‌హోప్ లైఫ్‌బోట్ బోల్తాపడి ఎనిమిది మంది, 1970 జనవరిలో ఫ్రేజర్‌బర్గ్ లైఫ్‌బోట్‌లో ఐదుగురు చనిపోయాకే, పడవలన్నిటికీ తమంతట తామే లేచే ఏర్పాటు ఉండాలన్న నిర్ణయం గట్టిపడింది. పాత పడవలకు, బోల్తాపడితే ఉబ్బే గాలిసంచిని పైభాగాన బిగించారు. 1979 నవంబరులో ఒక డెన్మార్క్ ఓడ కోసం వెళ్లిన, స్కాట్లాండ్‌లోని బారా దీవి, ఐలా దీవి లైఫ్‌బోట్లు ఒకే రాత్రి తలకిందులయ్యాయి. రెండూ లేచాయి, సిబ్బందిలో ఒక్కరూ చనిపోలేదు.