గాలికి తీసే కరెంటు: కాలిఫోర్నియా తెలుగు ఇళ్లలో అపోహలు – వాస్తవాలు

సెప్టెంబరు వచ్చిందంటే కాలిఫోర్నియాలో పొడిగాలుల భయం మొదలవుతుంది. ఉత్తరాన డయాబ్లో, దక్షిణాన శాంటా అనా గాలులు లోపలి ఎడారి వైపు నుంచి తీరానికి వీస్తాయి. కొండల మీద గడ్డి అప్పటికే ఎండిపోయి ఉంటుంది. 2018 నవంబరు 8న ప్యారడైజ్ ఊరిని బూడిద చేసి 85 మందిని బలిగొన్న క్యాంప్ ఫైర్, ఉత్తరాన కరెంటు ఇచ్చే పీజీ అండ్ ఈ కంపెనీ లైన్‌లో అరిగిపోయిన ఒక కొక్కెం విరగడంతో మొదలైంది. అందుకే కరెంటు కంపెనీలు గాలి రాకముందే లైన్లు ఆపేస్తున్నాయి. ఈ కోతల గురించి మనవాళ్లలో ఉన్న అపోహలు చాలావరకు ఊళ్లో చూసిన కరెంటు కోతల నుంచి వచ్చినవే.

అపోహ: రెండు మూడు గంటల్లో వచ్చేస్తుందిలే.

వాస్తవం: ఊళ్లో కోత కరెంటు చాలక పెట్టేది, దానికో వేళ ఉండేది. ఇక్కడ గాలి తగ్గగానే స్విచ్ వేయరు. ఆపిన లైన్ మొత్తాన్ని నడిచో, వాహనంలోనో, హెలికాప్టర్‌తోనో చూసుకుంటూ వెళ్లాలి. తీగ మీద ఒక్క కొమ్మ పడి ఉన్నా కరెంటు ఇవ్వగానే నిప్పు పుడుతుంది. చీకట్లో ఈ తనిఖీ చాలాచోట్ల కుదరదు కాబట్టి సాయంత్రం గాలి ఆగితే కరెంటు మర్నాటికే. కనీసం 2 రోజులకు, కొండ పక్క ఇళ్లయితే 3 రోజులకు సిద్ధపడండి.

అపోహ: మా కాలనీలో తీగలన్నీ భూమిలోనే, గాలి కూడా లేదు. మాకెందుకు పోతుంది?

వాస్తవం: మీ వీధిలో తీగ భూమిలోనే ఉండొచ్చు, దానికి కరెంటు తెచ్చే లైన్ కొండ మీదుగా స్తంభాలపై వస్తుంటే పోతుంది. వాతావరణం చూసేది ఆ కొండ దగ్గర. కంపెనీ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో కాకుండా మీ చిరునామాతో వెతకండి. ఎదురింటి వాళ్లు వేరే లైన్ మీద ఉండొచ్చు.

అపోహ: ముందుగా మెసేజ్ వస్తుంది కదా.

వాస్తవం: గాలి కోతకైతే మామూలుగా 2 రోజుల ముందు, 1 రోజు ముందు, తీసేముందు చెబుతారు. ఆ కబురు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో వారి ఫోన్‌కే వెళ్తుంది. మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకు తెలియదు. అద్దె ఇల్లయినా, అకౌంట్ లేకపోయినా చిరునామా మీద హెచ్చరికలకు పేరు నమోదు చేసుకోవచ్చు. ఇది కాక 2021 నుంచి పీజీ అండ్ ఈ మంటల ముప్పున్న చోట్ల తన లైన్లను, ఏ చిన్న తాకిడి తగిలినా క్షణంలోపే ఆగిపోయేలా అమర్చింది. ఉడుత తగిలినా ఆగుతుంది, ఆ కోతకు కబురు ఉండదు.

అపోహ: ఇంటి మీద సోలార్ ఉంది, మాకు దిగుల్లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. గ్రిడ్‌కు, అంటే కంపెనీ లైన్లకు, కలిపిన సోలార్, గ్రిడ్ పోగానే తనంతట తాను ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి మీ ప్యానెళ్ల కరెంటు తగలకూడదని పెట్టిన నిబంధన అది. ఎర్రటి ఎండ కాస్తున్నా ఇల్లు చీకటే. ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసే స్విచ్, బ్యాటరీ రెండూ ఉంటేనే పని జరుగుతుంది. కొన్ని సోలార్ ఇన్వర్టర్లు మాత్రం బ్యాటరీ లేకున్నా పగటిపూట కొంత ఇస్తాయి. మీ మోడల్ ఏదో పెట్టినవాళ్లను అడగండి.

బ్యాటరీ ఉన్నవారు చేసే పొరపాటు ఏసీ. 13.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీని 3.5 కిలోవాట్ల ఏసీ నాలుగు గంటల్లోపే తాగేస్తుంది. హెచ్చరిక రాగానే యాప్‌లో రిజర్వును (కోత కోసం దాచి ఉంచే చార్జిని) 100 శాతానికి పెట్టండి. కరెంటు పోయాక 15–20 శాతం కంటే కిందికి దించకండి: పూర్తిగా ఖాళీ అయితే తెల్లారి సోలార్ ఉన్నా కొన్ని సిస్టమ్‌లు మళ్లీ లేవవు. పొగ కమ్మిన రోజు ప్యానెళ్ల ఉత్పత్తి కూడా పడిపోతుంది.

అపోహ: చిన్న పవర్ స్టేషన్ (చేత్తో మోసే బ్యాటరీ పెట్టె) కొంటే ఊళ్లో ఇన్వర్టర్‌లా ఇల్లంతా నడుస్తుంది.

వాస్తవం: లెక్క వేసుకుని కొనండి. 1000 వాట్ అవర్ల పెట్టెలో చేతికొచ్చేది దాదాపు 850. ఫ్రిజ్ సగటున గంటకు 60 వాట్ అవర్లు వాడితే 14 గంటలు. హీటర్ ఆపిన సీప్యాప్ (నిద్రలో ఊపిరికి సాయపడే యంత్రం) 40 వాట్ల చొప్పున రాత్రి 8 గంటలకు 320. రైస్ కుక్కర్ ఒక్కసారి వండితేనే 300 దాకా పోతుంది. అన్నం గ్యాస్ మీద వండుకోండి: చాలా స్టవ్‌ల పై బర్నర్లు అగ్గిపుల్లతో వెలుగుతాయి, ఓవెన్ మాత్రం వెలగదు. గ్యాస్ హీటర్‌కూ ట్యాంకు లేని గీజర్‌కూ కరెంటు కావాలి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవారు ముందే వండిపెట్టుకోవాలి. ఇడ్లీ పిండి రుబ్బేది కూడా ముందే.

అపోహ: జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టి తలుపు తెరిస్తే చాలు.

వాస్తవం: చాలదు. కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) వాయువుకు వాసన లేదు, తెరిచిన గ్యారేజీలోంచి ఇంట్లోకి వస్తుంది. గోడకు కనీసం 20 అడుగుల దూరం, పొగగొట్టం ఇంటికి ఎదురు దిశలో, ఇంట్లో బ్యాటరీతో పనిచేసే సీఓ అలారం తప్పనిసరి. కింద ఎండుగడ్డి ఉండకూడదు, వేడి ఇంజిన్‌లో పెట్రోలు పోయకూడదు. వైరు 12 గేజ్ వాడండి, సన్నని వైరు వేడెక్కి కరుగుతుంది.

రెండు చివర్లా మగ ప్లగ్గులున్న వైరుతో డ్రయ్యర్ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించడం హత్యతో సమానం. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులు చేసి లైన్‌మ్యాన్ చేతికి అందిస్తుంది. ఇంటిని గ్రిడ్ నుంచి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ, గ్రిడ్, జనరేటర్ బ్రేకర్లు రెండూ ఒకేసారి ఆన్ కాకుండా అడ్డుపడే ఇంటర్‌లాక్ గానీ పర్మిట్‌తో, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ తక్కువ లోడ్‌లో గ్యాలన్‌కు 8 గంటలు నడుస్తుంది, అంటే రోజుకు 3 గ్యాలన్లు. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా పనిచేయదు. ఏడాదంతా మూలన పెట్టి అవసరానికి లాగితే స్టార్ట్ కాకపోవడానికి ప్రధాన కారణం కార్బ్యురేటర్‌లో జిగురైన పాత పెట్రోలు. లోపల పెట్టేముందు ఇంధనం అయిపోయేదాకా నడపండి.

అపోహ: వాసన చూస్తే తెలుస్తుంది, ఫ్రిజ్‌లోవి పారేయక్కర్లేదు.

వాస్తవం: తలుపు తీయకుంటే ఫ్రిజ్ 4 గంటలు, నిండు ఫ్రీజర్ 48, సగం ఫ్రీజర్ 24 గంటలు చల్లగా ఉంటాయి. 40 ఫారెన్‌హీట్ దాటి 2 గంటలైతే పప్పు, కూర, పాలు వాసన మారకున్నా పారేయాలి. ఆవకాయకేమీ కాదు. ఇన్సులిన్ చాలా రకాలు 86 ఫారెన్‌హీట్ లోపు 28 రోజులు బయట ఉంటాయి, లేబుల్ చూడండి. నేరుగా ఐసు మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది.

అపోహ: మెడికల్ బేస్‌లైన్‌లో (ఇంట్లో వైద్య యంత్రాలు వాడేవారికి కరెంటు కంపెనీల పథకం) చేరితే మా ఇంటికి తీయరు.

వాస్తవం: తీస్తారు. దక్కేది తక్కువ ధరకు కొన్ని అదనపు యూనిట్లు, అదనపు హెచ్చరికలు. ఫోన్‌కు స్పందించకపోతే మనిషి వచ్చి తలుపు కొడతారు. ఆక్సిజన్ యంత్రం 300 వాట్లు దాటి లాగుతుంది, అది చిన్న పెట్టెతో తెల్లవార్లూ నడవదు. సిలిండర్ ముందే తెప్పించుకోండి.

గ్యారేజీ తలుపు సంగతి: 2019 జులై 1 తర్వాత ఇక్కడ అమ్మిన మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి. పాతదైతే ఎర్రతాడు లాగి చేత్తో ఎత్తాలి, తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగండి. స్ప్రింగ్ దెబ్బతిన్న తలుపు తెరిచి ఉండగా లాగితే మీద పడుతుంది.

కరెంటు వచ్చేముందు టీవీ, కంప్యూటర్ ప్లగ్గులు తీసి, ఒక్క లైటు వేసి ఉంచండి. రాగానే మొదట పవర్ స్టేషన్‌ను చార్జింగ్‌కు పెట్టండి. వెంటనే మరో కోత రావచ్చు: 2019 అక్టోబరు 26న మొదలైన కోత కొన్ని ఇళ్లలో ముగియకముందే 29న మరొకటి మొదలైంది.