గ్యారేజ్ రాక్ ద్వయం ఆల్బమ్‌పై మనసు పారేసుకున్నవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇద్దరే సభ్యులున్న గ్యారేజ్ రాక్ బృందం కొత్త ఆల్బమ్ విడుదల చేసినప్పుడల్లా నాకు రెండు రకాల శ్రోతలు కనిపిస్తారు. మొదటి పాటకే మనసు పారేసుకుని, వారం తిరిగేలోగా ఆల్బమంతా కంఠతా పట్టేవారు ఒక రకం. ఇద్దరు వాయించే సంగీతంలో ఏముంటుందిలే అని పక్కన పెట్టేవారు మరో రకం. విచిత్రమేమిటంటే, ఈ ఇరువర్గాలవారూ చాలావరకు ఒకే అపోహలను నమ్ముతారు. అవే మాటలను ఒకరు మెచ్చుకోలుగా అంటారు, మరొకరు తప్పుపడుతూ అంటారు. రికార్డింగ్, మిక్సింగ్ (రికార్డయిన ధ్వనులను పాళ్లు చూసి కలపడం) నా వృత్తి. గిటార్, డ్రమ్స్ మాత్రమే ఉన్న బృందాలతో పనిచేయడం అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, అన్నిటికన్నా కష్టమైన పని కూడా. ఇద్దరి సంగీతంలో ప్రతి ధ్వనీ కనీసం రెండు బాధ్యతలు మోయాలి. అలాంటి ఆల్బమ్ మనల్ని అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

అపోహ: గ్యారేజ్ రాక్ అంటే గ్యారేజీలో రికార్డు చేసిన సంగీతం.

ఇళ్ల గ్యారేజీల్లో సాధన చేసిన 1960ల నాటి అమెరికన్ కుర్ర బృందాలను తలచుకుని పెట్టిన పేరు ఇది. 1972లో లెన్నీ కే కూర్చిన 'నగ్గెట్స్' సంకలనం ఆ పాటలను కొత్త శ్రోతల ముందుకు తెచ్చింది, పేరు స్థిరపడింది కూడా ఆ దశకంలోనే. సాధన ఎక్కడ జరిగినా రికార్డింగ్ మాత్రం చాలావరకు చిన్న చిన్న స్టూడియోల్లోనే జరిగింది. కింగ్స్‌మెన్ బృందం 1963లో పోర్ట్‌లాండ్‌లో చేసిన 'లూయీ లూయీ' స్టూడియో రికార్డింగే. సమయం తక్కువ, మైకులు తక్కువ, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించడం అనే మూడు కారణాలు కలిసి ఆ గరుకుదనాన్ని తెచ్చిపెట్టాయి.

అపోహ: బేస్ గిటార్ లేదు కాబట్టి ఆ సంగీతానికి అడుగు భాగం ఉండదు.

నన్ను అందరూ ఎక్కువగా అడిగేది దీని గురించే కనుక కాస్త వివరంగా చెబుతాను. మామూలు శ్రుతిలో గిటార్ అతి కింది స్వరపు తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ గిటార్ అతి కింది స్వరపు తీగ దానికి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) దిగువన, అంటే సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ గిటార్‌ను తీసేస్తే ఆ ఒక్క స్థాయి ఖాళీ అవుతుందన్నది కాగితం మీది లెక్క ప్రకారం నిజమే. డిస్టార్షన్ ఆ లెక్కను మార్చేస్తుంది. ఆంప్లిఫయర్‌ను (క్లుప్తంగా ఆంప్) దాని శక్తికి మించి నడిపినప్పుడు తరంగాల కొనలు తెగిపోయి, తీగ మీద లేని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. రెండు తీగలను కలిపి మీటినప్పుడు, వాటి పౌనఃపున్యాల మధ్య తేడా కూడా ఒక స్వరమై ఆ కొత్త వాటిలో చేరుతుంది. రాక్ గిటారిస్టులు పవర్ కార్డ్ అనే షడ్జమ పంచమాల జోడీనే తీసుకోండి. 82 హెర్ట్జ్ షడ్జమానికి 123 హెర్ట్జ్ పంచమం తోడైతే వాటి తేడా 41 హెర్ట్జ్, అంటే బేస్ గిటార్ కింది తీగ ఉండవలసిన చోటు.

గిటార్ ఆంప్ స్పీకర్ అంత కింది స్వరాన్ని బలంగా వినిపించలేదు. అయినా నష్టం లేదు, ఎందుకంటే 82, 123 అనేవి 41కి రెండింతలు, మూడింతలు. ఒక స్వరపు పై అంతస్తులన్నీ వినిపిస్తూ పునాది మాత్రం లేనప్పుడు మన వినికిడి ఆ పునాదిని తానే ఊహించి పూరించుకుంటుంది. చిన్న రేడియోలో కూడా బేస్ రాగాన్ని గుర్తుపట్టగలగడానికి ఇదే కారణం. గిటార్, డ్రమ్స్ మాత్రమే ఉన్న పాట విని అందులో బేస్ ఉందని ప్రమాణం చేసి చెప్పేవారు నిజంగానే దాన్ని వింటున్నారు. ఆ స్వరంలో కొంత ఆంప్‌లో పుట్టింది, మిగతాది వారి వినికిడిలో పుట్టింది.

ఇది చాలదనుకున్నవారు ఇతర మార్గాలు వెతికారు. లోకల్ హెచ్ బృందపు గిటారిస్టు స్కాట్ లూకస్ తన గిటార్‌కు బేస్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) అమర్చి, కింది తీగల ధ్వనిని విడిగా బేస్ ఆంప్‌కు పంపాడు. డెట్రాయిట్ నుంచి వచ్చిన వైట్ స్ట్రైప్స్ పాట 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో అందరూ బేస్ గిటార్ అనుకునే ఆ మొదటి వరుస నిజానికి గిటార్ మీద వాయించినదే. ఆ బృందపు గిటారిస్టు జాక్ వైట్ వామీ పెడల్ అనే, స్వరం ఎత్తును మార్చే కాలి పరికరంతో దాన్ని ఒక స్థాయి కిందికి దించాడు. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ నుంచి వచ్చిన రాయల్ బ్లడ్ ద్వయం దీన్ని తలకిందులు చేసింది. అందులో గిటారే లేదు. మైక్ కెర్ వాయించే బేస్ ధ్వనిని పాయలుగా చీల్చి, ఒక పాయను బేస్ ఆంప్‌కు, మరొకదాన్ని స్థాయి పెంచి గిటార్ ఆంప్‌కు పంపుతారు. 2014లో వచ్చిన వారి మొదటి ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో ప్రథమ స్థానానికి చేరింది.

మిక్సింగ్‌లో నేను చేసే పని దీనికి కొనసాగింపు. బేస్ గిటార్ ఉన్న బృందంలో కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) క్లుప్తంగా మోగి తప్పుకోవాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇద్దరి బృందంలో ఆ అడ్డు లేదు గనుక, కిక్ డ్రమ్‌లో మోత తగ్గించడానికి కుక్కిన దుప్పటి తీసేయించి, దాన్ని మరికాస్త సేపు మోగనిస్తాను. ఆ మోత గిటార్ స్వరం కింద పరుచుకుని బేస్ పనిలో సగం చేసిపెడుతుంది.

అపోహ: ఆ గరుకుదనం నిర్లక్ష్యం వల్ల, లేదా చవక పరికరాల వల్ల వస్తుంది.

వైట్ స్ట్రైప్స్ 2003లో విడుదల చేసిన 'ఎలిఫెంట్' ఆల్బమ్‌లో అధిక భాగం లండన్‌లోని టో రాగ్ స్టూడియోలో, పాతకాలపు పరికరాలతో, ఎనిమిది ట్రాకుల (విడివిడిగా రికార్డయ్యే ధ్వని వరుసల) టేపు మీద రికార్డయింది. రచన, రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి ఇచ్చే చివరి మెరుగు) అనే దశల్లో ఎక్కడా కంప్యూటర్ వాడలేదని ఆల్బమ్ వివరాల్లోనే రాశారు. ఎనిమిది ట్రాకులు మాత్రమే ఉన్నప్పుడు డ్రమ్స్ ముందున్న మైకులన్నింటినీ అక్కడికక్కడే కలిపి ఒకటి రెండు ట్రాకుల్లో స్థిరపరచాలి. ఆ తరువాత స్నేర్ డ్రమ్ ఒక్కదాన్నే పెంచుదామన్నా కుదరదు. మైకు ఎక్కడ పెట్టాలి, గది ప్రతిధ్వని ఎంత ఉండాలి, ఆంప్ ధ్వని ఎంత చిరగాలి అన్నవన్నీ వాయించకముందే తేలిపోవాలి. దీన్ని నిర్లక్ష్యం అనడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తరువాత సరిదిద్దుకోవచ్చులే అనే వెసులుబాటు లేని చోట ఉండాల్సినంత శ్రద్ధ మరెక్కడా అవసరం ఉండదు.

చవక పరికరాల మాటకొస్తే, అమెరికాలోని అక్రన్‌కు చెందిన బ్లాక్ కీస్ ద్వయం తమ రెండో ఆల్బమ్ 'థిక్‌ఫ్రీక్‌నెస్'ను డ్రమ్మర్ ప్యాట్రిక్ కార్నీ ఇంటి నేలమాళిగలో టాస్కామ్ 388 అనే టేపు యంత్రం మీద చేసుకున్న మాట నిజం. అయితే అదే యంత్రం ఎవరికి దొరికినా అదే ధ్వని రాదు. సన్నని పావు అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు ఇరుక్కున్నప్పుడు పుట్టే ఆ మసక, ఆ ఒత్తిడి తమ గిటార్‌కు సరిపోతాయని గుర్తించడం వారి పనితనం. ఆ తరువాతి ఆల్బమ్‌ను వారు మూతపడిన టైర్ల కర్మాగారంలో రికార్డు చేశారు. చోటు మారింది, ధ్వని మారింది, ఎంపిక మాత్రం వారిదే.

అపోహ: అంత సులువైన డ్రమ్స్ ఎవరైనా వాయించగలరు.

వైట్ స్ట్రైప్స్ డ్రమ్మర్ మెగ్ వైట్ ఎన్నో ఏళ్లు భరించిన విమర్శ ఇది. డిస్టార్షన్ నిండిన గిటార్, సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) రెండూ దాదాపు ఒకే ఎత్తైన పౌనఃపున్యాల ప్రాంతంలో నివసిస్తాయి. డ్రమ్మర్ తీరిక లేకుండా సింబల్స్ మోగిస్తే గిటార్ అంచు మొద్దుబారి, పాటంతా ఒకే హోరుగా మారుతుంది. 'సెవెన్ నేషన్ ఆర్మీ' మొదట్లో మెగ్ వైట్ కిక్ డ్రమ్, టామ్ డ్రమ్‌లతో ప్రతి బీట్‌నూ నిలకడగా కొడుతూ పై ప్రాంతాన్ని పూర్తిగా గిటార్‌కు, గొంతుకు వదిలేస్తుంది; సింబల్స్ వచ్చి పడినప్పుడు ఆ పాట రెట్టింపు పెద్దదైనట్టు అనిపించడం ఆ వదిలేయడం వల్లనే. కాలప్రమాణం సంగతీ అంతే. ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటూ వాయించేటప్పుడు, పల్లవికి వచ్చేసరికి లయ ఒక వెంట్రుకవాసి వేగం పుంజుకోవడం, చరణంలో మళ్లీ సర్దుకోవడం సహజం. దాన్ని కంప్యూటర్‌లో సమాన కాలపు గడుల ప్రకారం సరిచేయమని అడిగిన బృందాలకు నేను రెండు రూపాలూ వినిపిస్తాను. సరిచేసిన రూపం విన్నాక, అందులో ప్రాణం పోయిందని వారే అంటారు.

అపోహ: ఇద్దరి బృందం వేదిక మీద వాయించలేనిది ఏదీ ఆల్బమ్‌లో ఉండకూడదు.

ఇది కొందరు అభిమానులు పెట్టుకున్న నియమం, సంగీతకారులు అంగీకరించినది కాదు. బ్లాక్ కీస్ 2010 నాటి 'బ్రదర్స్'లో బేస్, కీబోర్డులు ధారాళంగా ఉన్నాయి, ఆ పాటల కోసం ప్రదర్శనలకు అదనపు వాద్యకారులను తీసుకువెళ్లారు కూడా. పాటకు కావలసింది చేర్చడంలో మోసం లేదు. అలా చేర్చినది ఆ ఇద్దరి మధ్య సంభాషణను కప్పేస్తోందా అన్నదొక్కటే నేను చూస్తాను.

ఆల్బమ్ నిడివి తక్కువైతే సరుకు తక్కువన్న మాట కూడా వింటుంటాను. జపాన్‌డ్రాయిడ్స్ ద్వయం 2012లో విడుదల చేసిన 'సెలబ్రేషన్ రాక్'లో ఉన్నవి ఎనిమిది పాటలు, సుమారు 35 నిమిషాలు. దానికి ఒక్క నిమిషం కలపాలన్నా నాకు మనసొప్పదు.

అపోహ: ఎంత బిగ్గరగా ఉంటే అంత శక్తి.

డిస్టార్షన్ ఉన్న గిటార్ ధ్వనిలో ఎత్తుపల్లాలు ముందే చాలా తగ్గిపోయి ఉంటాయి. దాన్ని మాస్టరింగ్‌లో ఇంకా నొక్కితే డ్రమ్స్ దెబ్బ చదునైపోతుంది, ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. పైగా స్ట్రీమింగ్ సేవలు పాటలన్నింటినీ దాదాపు ఒకే మట్టానికి తెస్తాయి. స్పాటిఫై మామూలు అమరికలో ఆ మట్టం -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని బిగ్గరతనానికి కొలమానం). అతిగా నొక్కిన పాటను అక్కడ తగ్గించి వినిపిస్తారు కనుక దక్కిన లాభమేమీ ఉండదు, పోయిన ఎత్తుపల్లాలు మాత్రం తిరిగి రావు. ఇద్దరి బృందంలో శక్తి గిటార్ ఆగిన క్షణంలో ఉంటుంది. ఐదుగురున్న బృందంలో ఒకరు ఆగితే నలుగురు వినిపిస్తారు. ఇక్కడ ఒకరు ఆగితే పాటలో సగం ఆగుతుంది, ఆ సగం తిరిగి వచ్చినప్పుడు శ్రోత ఒళ్లు ఝల్లుమంటుంది.

అపోహ: ఇలాంటి ముడి ధ్వనికి ఫోన్ స్పీకర్ చాలు.

ఫోన్‌లోని బుల్లి స్పీకర్ కింది పౌనఃపున్యాలను దాదాపుగా వినిపించలేదు. గిటార్, గొంతు బాగానే వస్తాయి, కిక్ డ్రమ్ మాత్రం టిక్కుమనే చప్పుడుగా మిగులుతుంది. అక్కడే నిర్ణయానికి వచ్చి ఆల్బమ్‌ను కొట్టిపారేసినవారు ఒక్కరి వాద్యమే విన్నట్టు. ఖరీదైనవే కానక్కరలేదు, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్‌తో ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు ఒకసారి వినండి. ఆ తరువాత మీకు నచ్చిన ఒక్క పాటను ఎంచుకుని, గిటారిస్టు పాడుతూ చేతి వేగం తగ్గించే చోటును పట్టుకోండి. అక్కడ డ్రమ్మర్ ఏ డ్రమ్ మీదికి మారారో గమనించి, అదే పాటను ఈసారి కిక్ డ్రమ్‌ను మాత్రమే అనుసరిస్తూ మళ్లీ వినండి.